సముద్రము దాటిన సంగీత నాటకము

పరదేశపు నాటకమును ప్రదర్శింపవలెనన్న దానిని మన భాషలోనికి తర్జుమా చేసికొన్న చాలునని పెక్కుమంది తలంతురు. వచన నాటకమునకు అది చాలునేమో! ఆద్యంతము పాటలతో నడచు సంగీత నాటకమునకు మాత్రము చాలదు. ‘లే మిజెరాబ్ల్’ అను ఫ్రెంచి సంగీత నాటకము లండను నగరము చేరిన వృత్తాంతమును చూచినచో ఈ సంగతి బోధపడును.

ఈ నాటకమునకు మూలము విక్టర్ హ్యూగో 1862లో ప్రకటించిన నవల. తెలుగువారికిని ఆ కథ క్రొత్తది కాదు. నాగయ్యగారు నటించిన ‘బీదలపాట్లు’ అను 1950 నాటి చలనచిత్రము దాని ననుసరించి తీసినదే. అలేన్ బూబ్లిల్, జాన్-మార్క్ నటెల్ అనువారు పాటలు వ్రాయగా, క్లోడ్-మిషెల్ షోన్‌బెర్గ్ స్వరములు కూర్చెను. 1980లో పారిసులోని ఒక విశాలమైన క్రీడామందిరమున ఈ నాటకము ప్రదర్శింపబడెను.

ఆ ప్రదర్శనము కథ నడుమనుండి ఆరంభమైనది. అప్పటికే కథానాయకుడగు జాన్ వల్జాన్ పేరు మార్చుకొని, ఒక పట్టణమునకు అధ్యక్షుడై, కర్మాగారము నడుపుచున్నాడు. అతని పూర్వకథను చెప్పలేదు, చెప్పనక్కఱయు లేదు. ఫ్రాన్సులో బాలురు సైతము దాని నెఱుగుదురు. ‘పాదుకా పట్టాభిషేకము’ ఆడునప్పుడు దశరథుడెవరో మనకు ఎవరు చెప్పవలెను?

ఇంగ్లండులో అట్టి పరిచయము లేదు. అందుచేత 1985 అక్టోబరు 8వ తేదీన లండనులోని బార్బికన్ రంగశాలలో ఆరంభమైన ప్రదర్శనమునకు దర్శకులగు ట్రెవర్ నన్, జాన్ కేర్డ్ అనువారు క్రొత్తగా ఒక పూర్వరంగమును చేర్చిరి. రొట్టె దొంగిలించిన నేరముతో మొదలై పందొమ్మిదేండ్లు చెఱలో మ్రగ్గిన వల్జాన్ 1815లో విడుదలగును. ఎవ్వరును ఆశ్రయమీయరు. ఒక బిషప్పు మాత్రము అన్నము పెట్టి పండుకొన చోటిచ్చును. ఆ రాత్రియే వల్జాన్ ఆయన వెండిపాత్రల నపహరించి పాఱిపోవును. రక్షకభటులు పట్టి తెచ్చినప్పుడు బిషప్పు, అవి తాను ఇచ్చినవేయని పలికి, ‘వీనిని మఱచిపోయితివేమి?’ అన్నట్లు రెండు వెండి దీపస్తంభములను గూడ అతని చేతిలో నుంచును.

ఈ ఘట్టము లేనిచో, తన్ను ఏండ్ల తరబడి వెంటాడిన జావేరు అను అధికారి చేజిక్కినను వల్జాన్ అతనిని చంపక ఏల విడిచిపెట్టెనో పరదేశీయులకు తెలియదు. పారిసువారు మనస్సులో నుంచుకొని వచ్చినదానిని లండనువారికి కన్నులార చూపవలసి వచ్చినది.

కొన్ని చేర్చినట్లే కొన్నిటిని తీసివేసిరి. గవ్రోష్ అను వీథిబాలుడు ఫ్రెంచిలో వోల్టేరు, రూసో పేళ్లతో పరిహాసమాడుచు పాడును. ఆ పేళ్లు వినగానే పారిసులో నవ్వు పుట్టును, లండనులో పుట్టదు. అక్కడ ఆ బాలునికి చిన్నవారి బలమును గూర్చిన పాట నిచ్చిరి. జావేరు అంతరంగమును తెలుపుటకు నక్షత్రములను గూర్చి ఒక గీతమును క్రొత్తగా కూర్చిరి. నా దృష్టిలో ఇది మేలైన మార్పు; దానివలన అతడు కేవలము క్రూరుడుగాక, చట్టమే దైవమని నమ్మిన మనుష్యుడుగా కనబడును.

ఇక భాష సంగతి. ఫ్రెంచిలో ఊనిక సాధారణముగా పదబంధము చివర పడును. ఇంగ్లీషులో ప్రతి మాటకును దాని ఊనిక వేఱు. అది తప్పినచో పాట వికృతమగును. పైగా తెలుగు మాటలు అచ్చులతో ముగియుటచే రాగము సాగదీయుటకు అనుకూలములు. ఇంగ్లీషు మాటలలో అనేకములు హల్లులతో ముగియును. బాణీని మార్పరాదు, అర్థమును వదలరాదు! ఈ భారమును వహించిన హెర్బర్ట్ క్రెట్జ్‌మర్ అను పత్రికా రచయిత కొన్ని పాటలను భావమాత్రముగా గ్రహించి, కొన్నిటిని పూర్తిగా క్రొత్తగా వ్రాసెను. తన్ను అనువాదకుడనుట ఆయనకు నచ్చెడిది కాదు. అది న్యాయమే.

ఇంత మార్చినను పేరును మాత్రము ఫ్రెంచిలోనే యుంచిరి. విమర్శకులు పలువురు మొదట పెదవి విఱిచిరి. ప్రజలు విరివిగా వచ్చిరి.

1991లో ఈ పెరిగిన నాటకము మరల ఫ్రెంచిలోనికి మాఱి, పారిసులోని మొగడోర్ రంగశాలకు తిరిగి వచ్చెను. స్వదేశమున అది చిరకాలము నిలువలేదు. 2024లో షాత్లే రంగశాలవారు ఫ్రెంచి పాటలను మరల సవరింపజేసి ప్రదర్శించిరి. ఆ కథను బాల్యమునుండి యెఱిగిన పారిసువారి యెదుట అప్పుడును బిషప్పు తన దీపస్తంభములతో నిలిచెను.