చిల్లుల సంచిలో కూలి డబ్బులు

ఆదివారం ఆరాధన ముగిసి గుడి బయట చెప్పులు వేసుకునే వేళ మన సంఘాల్లో తరచుగా వినబడే మాట ఒకటుంది. "డబ్బులైతే వస్తున్నాయండీ, ఎటు పోతున్నాయో తెలియడం లేదు." తిరువూరు చుట్టుపక్కల ఈ మాట వానలు మొదలయ్యే రోజుల్లో మరీ ఎక్కువ. పత్తి తీతలు, మిరప కోతలు, ఆ తర్వాత మామిడి కోతలు ఉన్నన్నాళ్లూ చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. మామిడి కాపు అయిపోయి జూన్‌లో బడులు తెరిచేసరికి పని తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. పిల్లల ఫీజులు, పుస్తకాలు, కౌలు రైతుకైతే విత్తనాలు, ఎరువులు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. సరిగ్గా అప్పుడే ఇంట్లో రూపాయి ఉండదు.

బబులోను చెర నుండి తిరిగివచ్చిన ప్రజల స్థితిని హగ్గయి ప్రవక్త ఒక పోలికతో చెప్పాడు. వారు కూలి సంపాదించి చిల్లులు పడిన సంచిలో వేసుకుంటున్నారన్నాడు (హగ్గయి 1:6). దేవుని మందిరాన్ని పక్కనబెట్టి తమ ఇళ్ల పని మాత్రమే చూసుకుంటున్నవారికి చెప్పిన మాట అది. ఈ వచనం చూపించి, కానుక తక్కువ వేశారు కాబట్టే మీ డబ్బు నిలవడం లేదని పేదవాణ్ణి బెదిరించడం మాకు సమ్మతం కాదు. ఆ పోలికలోని నిజాన్ని మాత్రం మనం చూడాలి. కూలి చేసినవాడికి తన కష్టం తెలుసు, తన సంచీ తెలుసు. చిల్లు ఎక్కడుందో మాత్రం తెలియదు.

పది రూపాయలే కదా

ఒక మామూలు ఇంటి లెక్క వేసి చూద్దాం. ఇంటాయన బయట రోజుకు రెండు టీలు తాగుతాడు, 20 రూపాయలు. పిల్లలు సాయంత్రం చిప్స్ పొట్లాలకు మరో 20. రోజు విడిచి రోజు బండి మీద పునుగులో బజ్జీలో తెస్తే 30. నడిచి వెళ్లగలిగిన దూరానికి నెలలో పదిసార్లు ఆటో ఎక్కితే 200. డేటా అయిపోయిందని మధ్యలో వేయించే చిన్న రీఛార్జీలకు నెలకు 100. వీటిలో ఏ ఒక్కటీ దుబారా అనిపించదు. కూడి చూస్తే నెలకు 1,950 రూపాయలు, ఏడాదికి 23,400 రూపాయలు. ఆ ఇంట్లో గుట్కా గాని మందు గాని ఉంటే ఈ లెక్క ఎక్కడికి పోతుందో చెప్పనక్కరలేదు.

టీ తాగడం పాపమని మేము చెప్పడం లేదు. ఎండలో మిరపకాయలు కోసి వచ్చినవారు ఒక టీ తాగితే తప్పేమిటి? చేతిలో ఏపూటకాపూట డబ్బే ఉన్నవారు నూనె పావుకిలో చొప్పున కొంటే అది కూడా దుబారా కాదు, గతిలేనితనం. మనం చూడవలసింది తెలిసి పెట్టిన ఖర్చును కాదు, తెలియకుండా జారిపోయిన దాన్ని.

జారిపోవడం ఇప్పుడు మరింత సులువైంది. 2016లో యూపీఐ వచ్చాక టీ కొట్టుకూ కూరగాయల బండికీ స్కానర్ చేరింది. అది మంచి సౌకర్యమే. కాని జేబులోంచి వంద నోటు తీసి ఇచ్చి చిల్లర లెక్కపెట్టుకునేటప్పుడు మనసుకు తగిలే చురుకు ఫోను చూపిస్తే తగలదు. కిరాణా కొట్టులో ఖాతా కూడా ఇలాంటిదే. చేతినుంచి డబ్బు వెళ్లదు కాబట్టి ధర అడగం. నెలాఖరున ఆయన చెప్పిందే లెక్క.

చిల్లు గండి అయ్యేది ఇక్కడే

చిన్న ఖర్చు తనంతట తాను ఏ ఇంటినీ కూల్చదు. అవసరం వచ్చిన రోజున ఆ డబ్బు లేకపోవడమే కూలుస్తుంది. ఫీజు కట్టాలి, ఇంట్లో లేదు, రోజువారీ ఫైనాన్స్ దగ్గరికి వెళ్తాం. పది వేల అప్పుకు చేతికి తొమ్మిది వేలే ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకునే పద్ధతి మనకు తెలిసిందే. పోయింది వెయ్యే కదా, నూటికి పది రూపాయలే కదా అనిపిస్తుంది. కాని ఆ తొమ్మిది వేలు వంద రోజులూ మన దగ్గర ఉండవు. రెండో రోజు నుంచే తరిగిపోతుంటాయి. సగటున మన దగ్గర ఉండేది నాలుగున్నర వేలు. దాని మీద వంద రోజులకు వెయ్యి రూపాయలంటే నెలకు నూటికి ఆరు రూపాయల పైనే వడ్డీ. రెండు రూపాయల వడ్డీ అంటేనే భయపడే మనం, లెక్క వేసుకోక దీనికి తలవంచుతున్నాం. ఆ పైన రోజూ వంద కట్టడమే కొత్త చిల్లు అవుతుంది. దాన్ని పూడ్చడానికి మరో అప్పు.

ఇది ఊహ కాదు. వారం వారం వసూళ్ల ఒత్తిడికి కుటుంబాలు చితికిపోతుంటే, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

సంఘం వేసే చిల్లులు

ఈ మాట చెప్పకుండా ముగిస్తే మేము నిజాయితీగా ఉన్నట్టు కాదు. కొన్ని చిల్లులు మన సంఘాలే వేస్తున్నాయి. క్రిస్మస్‌కు స్త్రీలందరూ ఒకే రంగు చీర కట్టాలంటాం. కట్టలేని సహోదరి ఆ రోజు కూడికకు రాకుండా ఆగిపోతుంది, లేదా అప్పు చేసి కడుతుంది. బిడ్డ మొదటి పుట్టినరోజుకు కృతజ్ఞతా కూటమి పెడితే కేకు, ఫ్లెక్సీ, మైకు, బిర్యానీ భోజనం తప్పనిసరి అన్నట్టు తయారైంది. దేవునికి కృతజ్ఞత చెప్పడానికి వడ్డీకి డబ్బు తెచ్చుకోవాలా? కాపరులు, పెద్దలు ముందుగా తమ ఇంటి కూటాలను సాదాగా జరిపించి చూపిస్తే, లేనివారికి ఎంతో బరువు తగ్గుతుంది.

పూడ్చుకునే దారి

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పాడు (లూకా 14:28). కూర్చోవడం అన్నది గమనించండి. మన ఇళ్లలో డబ్బు సంగతి నిలబడి అరుచుకునేదిగా మారింది. ఒక్క నెల పాటు ఒక నోటుపుస్తకంలో ప్రతి రూపాయీ రాయండి. నెలాఖరున భార్యాభర్తలు, చదువుకునే పిల్లలు కలిసి కూర్చుని చూడండి. ఎవరినీ నిందించకండి. పుస్తకమే చెబుతుంది. పది చిల్లులు ఒకేసారి పూడ్చబోకండి, పెద్దవి రెండు చాలు.

పైఖర్చులకు వారానికి ఇంత అని నోట్ల రూపంలో విడిగా పెట్టుకోండి. అవి అయిపోతే ఆ వారానికి అంతే. కోతల కాలంలో కూలి వచ్చిన రోజునే కొంత తీసి జూన్ ఖర్చుల పేరున పక్కనబెట్టండి. మన అమ్మమ్మలు పోపుల డబ్బాలో దాచింది ఇలాగే. ఇప్పుడు పోస్టాఫీసు ఉంది, బ్యాంకు ఉంది, పొదుపు సంఘం ఉంది. అప్పు తప్పనిసరైతే ముందు పొదుపు సంఘాన్ని అడగండి, రోజువారీ ఫైనాన్స్‌ను కాదు.

చిన్న మొత్తాన్ని చులకన చేయవద్దు. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం ప్రభువు కోసం తీసిపెట్టే అలవాటు మన సంఘాల్లో ఉంది. మిజోరం విశ్వాసులు 1910 నుండి ఇలాగే పిడికెడు చొప్పున తీసి తమ సంఘ పరిచర్యను నిలబెట్టుకున్నారు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారా మీద తిరగబడ్డారు. మరుసటి ఏడాది అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లా స్త్రీలే రోజుకు ఒక్క రూపాయి చొప్పున దాచుకుని పొదుపు ఉద్యమానికి బాట వేశారు. రోజుకో రూపాయి జారిపోతే ఇల్లు ఎలా ఖాళీ అవుతుందో, రోజుకో రూపాయి నిలిస్తే అలాగే నిండుతుంది.

అప్పులవాడు తన ఇద్దరు కొడుకులను దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడని ఒక విధవరాలు ఎలీషా ముందు మొరపెట్టుకుంది (2 రాజులు 4). ఆమె అప్పుచేసి తప్పు చేసిందని ప్రవక్త గద్దించలేదు. నీ ఇంట్లో ఏముందని అడిగాడు. నూనె కుండ ఒక్కటే ఉందని ఆమె చెప్పింది. దేవుడు ఆ కొంచెంతోనే మొదలుపెట్టాడు. నూనె అమ్మి ముందు అప్పు తీర్చమని, మిగిలినదానితో పిల్లలతో కలిసి బతకమని ప్రవక్త చెప్పాడు.

ఈ వారం మన ఇళ్లలో మనం వేసుకోవలసిన ప్రశ్న కూడా అదే. మన ఇంట్లో ఏముంది? అది ఎటు పోతోంది? కుటుంబ ప్రార్థన అయ్యాక లేచిపోకుండా మరో పది నిమిషాలు కూర్చోండి. పుస్తకం తెరవండి. కష్టపడిన చేతులను దీవించే దేవుడు, వాటి కూలిని కాపాడుకునే జ్ఞానాన్ని కూడా మనకు అనుగ్రహించును గాక.