సభలలో మైకుతీగ: దాని లావు, పొడవు

సంఘసభలలో వేదికయొద్ద మాట స్పష్టముగా నున్నను, దూరపు స్పీకరుకడ కూర్చున్న రైతులకది సన్నగిల్లుట కలదు. అట్టియెడ ఆంప్లిఫయరును నిందించుటకు ముందు తీగను పరీక్షింపవలెను.

ఇరుకైన పొడుగు కాలువవలన చివరి మడికి నీరు చాలనట్లే, సన్నని పొడుగు తీగయందు విద్యుచ్ఛక్తి వేడియై వ్యర్థమగును. పోవుటకొకటి, వచ్చుటకొకటి తీగలు రెండు గనుక దూరమును రెట్టింపుగా లెక్కింపవలెను.

1 చదరపు మిల్లీమీటరు రాగితీగకు మీటరొక్కింటికి నిరోధము సుమారు 0.017 ఓము. 0.5 చదరపు మిల్లీమీటరు తీగను 60 మీటర్ల దూరము లాగినచో నిరోధము 4 ఓములకు మించును. అప్పుడు 8 ఓముల స్పీకరునకు పంపిన శక్తిలో మూడవవంతు, 4 ఓముల దానికి సగము తీగయందే పోవును. అదే 20 మీటర్ల దూరమునకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగయైనచో, 8 ఓముల స్పీకరునకు నష్టము నూటికి 3 పాళ్లు చిల్లర మాత్రమే. నష్టము 5 పాళ్లు మించకుండుట మేలు. దూరము రెట్టింపైన తీగ వైశాల్యమును రెట్టింపు చేయవలెను.

అంతకంటె దూరమైనచో 100 వోల్టుల లైను పద్ధతి యుత్తమము. ఇందు 100 వాట్లకు కరెంటు 1 ఆంపియరే. 60 మీటర్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగతో నష్టము 2 వాట్లలోపే. ఐతే ప్రతి స్పీకరునకు తగిన ట్రాన్స్‌ఫార్మరుండవలెను. విడి 8 ఓముల స్పీకరును ఈ లైనుకు తగిలింపరాదు.

తీగలు కలుపునపుడు ఆంప్లిఫయరును ఆపివేయవలెను. రెండు తీగల కొసలు ఒకదానినొకటి తాకినచో యంత్రము చెడవచ్చును. సభకు ముందురోజుననే దూరము కొలిచి, తగిన తీగ తెప్పించుకొనుడని మా మనవి.