వేట ఆగిన చోట ఆట

పులి–మేక ఆటకు కావలసినవి మూడు పెద్ద రాళ్లు, పదిహేను చిన్న రాళ్లు, నేల మీద గీసిన ముక్కోణపు గడి. గీతలు కలిసే చోట్లు 23. పులులు మేకల మీదుగా దూకి వాటిని తింటాయి. మేకలు ఒకదానికొకటి ఆసరాగా నిలిచి, పులులు కదలకుండా దారులన్నీ మూసేస్తే గెలిచినట్టు. తెలుగునాట పులిజూదం, తమిళ సీమలో ఆడుపులి ఆట్టం. పాత గుళ్ల రాతి నేలల మీద ఈ గడులు ఇప్పటికీ కనిపిస్తాయి. దారులు గమనించడం, తొందరపడకుండా మాటు వేయడం, నలుగురూ కలిసి చుట్టుముట్టడం ఈ ఆటలో అబ్బే ఒడుపులు. గుంపుగా వేటకు వెళ్లేవాళ్లకు కావలసినవీ అవే.

వేటను ఆటగా, పండుగగా నిలుపుకున్న సంప్రదాయాలు తెలుగు నేల మీద మరికొన్ని ఉన్నాయి. అహోబిలంలో కనుమ నాడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామి పల్లకి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలు తిరుగుతుంది. చెంచులు దాని వైపు బాణాలు వేస్తారు. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహుడు వాళ్లకు ఇంటి అల్లుడు, అందుకే ఆ చనువు. పాడేరు మన్యంలో ఇటుకల పండుగ రోజుల్లో వేటకు వెళ్లిన మగవాళ్లు ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టిస్తారు.

అసలు వేటకు చట్టం అడ్డుకట్ట వేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అడవి బిడ్డలకు ఎన్నో హక్కులు ఇచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేటను, ఉచ్చులు పన్నడాన్ని మినహాయించింది. జంతువులను కాపాడాలంటే ఇది తప్పనిసరే. అయితే వేటతో పాటు జాడ చదవడం, గాలివాటు చూడడం, ఏ కాలంలో ఏ జంతువు ఎక్కడ ఉంటుందో చెప్పగలగడం వంటి విద్యలు కూడా ఒక తరంలోనే చెదిరిపోతున్నాయి. వాటిని ప్రాణహాని లేకుండా పిల్లలకు అందించడానికి ఆటను మించిన సాధనం లేదు.

పుదుచ్చేరికి వస్తే, విద్యలు చెదిరిపోతున్నాయన్న ఈ మాట ముందుగా ఇరుళర్లకు వర్తిస్తుంది. విల్లి, వేట్టైక్కారన్ అని పిలిచేవాళ్లతో సహా వాళ్లను ఈ కేంద్రపాలిత ప్రాంతంలో షెడ్యూల్డు తెగగా గుర్తించింది 2016 డిసెంబరులో. మన యానాదుల మాదిరిగానే వీళ్లు పొలం గట్ల మీద ఎలుక కలుగును పసిగట్టి, మిగతా నోళ్లు మూసి, కుండతో పొగ పెట్టి ఎలుకలను పట్టేవారు. కలుగులో దాగిన వడ్లను తవ్వి తీసేవారు. పాము జాడ పట్టడంలో వాళ్లకు సాటి ఎవరూ లేరు. తమిళనాడు ఇరుళర్లు ఎందరో ఒకప్పుడు పాముతోళ్ల వ్యాపారానికి పాములు పట్టి బతికారు. నిషేధం రాగానే ఆ బతుకు ఆగిపోయింది. 1978లో చెన్నైకి దక్షిణాన వడనెమ్మేలిలో, రోములస్ విటేకర్ చొరవతో ఇరుళ పాములు పట్టేవారి సహకార సంఘం ఏర్పడింది. పామును పట్టి, కొద్ది వారాలు ఉంచి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. ఇదే విద్యతో 2017లో ఫ్లోరిడా వెళ్లి కొండచిలువలు పట్టిచ్చిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ దక్కింది.

ఇంత చరిత్ర ఉన్నా దాన్ని పిల్లలకు ఆటగా ఎలా చెప్పాలన్నది చిన్న ప్రశ్న కాదు. అమెరికా బడుల్లో పేరు పొందిన కంప్యూటరు ఆట 'ఒరెగాన్ ట్రయిల్' 1971లో పుట్టింది. తొలి రూపంలో వేటకు తుపాకీ పేలాలంటే 'బ్యాంగ్' అని త్వరగా టైపు చేయాలి, అంతే. ఆ ఆటలో వలస బండి ఎక్కినవాడే కథానాయకుడు, నేల ఎవరిదో వాళ్లు దారి పక్కన మిగిలారు. దానికి దీటైన జవాబు 2019లో వచ్చిన 'వెన్ రివర్స్ వర్ ట్రయిల్స్'. ఎలిజబెత్ లాపెన్సే సారథ్యంలో, ఎందరో ఆదివాసీ రచయితల చేతి మీదుగా తయారైంది. 1890ల నాటి అనిషినాబే ఆదివాసీగా ఆడేవాళ్లు వేటాడతారు, చేపలు పడతారు, సొంత నేల ఎలా చేజారిందో మెట్టు మెట్టుగా చూస్తారు. అలాస్కాలో కుక్ ఇన్‌లెట్ ఆదివాసీ మండలి భాగస్వామిగా 2014లో వెలువడిన 'నెవర్ అలోన్'లో కథ ఇనుపియాక్ భాషలోనే వినిపిస్తుంది. ఆట ముందుకు సాగేకొద్దీ పెద్దలు తమ బతుకు గురించి చెప్పే చిన్న చిత్రాలు తెరుచుకుంటాయి.

కంప్యూటరు లేకుండానూ ఇది సాధ్యమే. 1961 నుంచి అలాస్కాలో జరుగుతున్న ఎస్కిమో–ఇండియన్ ఒలింపిక్స్‌లో కొవ్వు రాసిన కర్రను చేతిలోంచి లాక్కునే పోటీ ఉంది. జారిపోయే చేపను పట్టే ఒడుపు దాని మూలం.

ఒర్లియంపేట పుదుచ్చేరి పట్టణంలో ఇళ్లు కిక్కిరిసిన పేట. అక్కడి పిల్లలకు పాము జాడ, ఎలుక కలుగు ఎదురుపడే అవకాశం తక్కువ. అలాంటి బడిలో ఆడదగిన పటం ఆట ఒకటి ఇలా ఉండవచ్చు: దుమ్ములో గీతలు చూసి ఏ జీవి ఎటు వెళ్లిందో చెప్పగలిగితే ముందుకు జరగాలి. మధ్యలో '1972' చీటీ రాగానే చేతిలోని తోళ్లకు విలువ సున్నా. ఆ తర్వాత '1978' చీటీ వస్తే అదే నేర్పుకు మళ్లీ విలువ. చట్టం ఒక కుటుంబం మీద ఎలా పడుతుందో, ఆ కుటుంబం ఎలా నిలదొక్కుకుందో ఏ పేజీ చదివినా ఇంత సూటిగా అర్థం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల వంటి తెగలను నేరస్థ జాతులుగా ముద్రవేసిన పాత చట్టం, 1952లో దేశమంతటా దాని రద్దు కూడా అందులో చోటు చేసుకోవాలి. అది వదిలేసి ఆకుల దుస్తులు, విల్లంబుల బొమ్మలతో సరిపెడితే ఆ ఆట పిల్లలకు అబద్ధం నేర్పినట్టే.

ఇలాంటి ఆట తయారుచేయాలనుకునే బడులు, సంస్థలు ముందుగా ఇరుళ పెద్దలను గురువులుగా పిలవాలి. పెట్టె మీద రచయితలుగా వాళ్ల పేర్లు వేయాలి, అమ్మకంలో వాటా ఇవ్వాలి.