ఊడిన పన్ను పారేయకండి!

ఆరాంఘర్: బెంగుళూరు రోడ్డు నగరంలోకి వచ్చే చోటు ఆరాంఘర్ చౌరస్తా. శంషాబాద్, షాద్‌నగర్ వైపు నుంచి వచ్చే లారీలు, బస్సులు, కూరగాయల ఆటోలు అన్నీ ఇటే రావాలి. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచారు. 2009లో మెహిదీపట్నం నుంచి ఇక్కడి దాకా పి.వి. నరసింహారావు పైవంతెన పడింది. అప్పటి నుంచి వాహనాల జోరు మరీ పెరిగింది. మోటారు సైకిల్ జారి మనిషి బోర్లా పడ్డాడంటే ముందు దెబ్బ తగిలేది ముందుపళ్లకే.

పాలలో వేసి తీసుకెళ్లాలి

పన్ను వేరుతో సహా ఊడి వస్తే ఇక పనికిరాదని చాలామంది అక్కడే పారేస్తారు. నిజానికి అదే పన్నును తిరిగి నిలబెట్టే అవకాశం ఉంది. తెల్లటి పైభాగాన్నే పట్టుకోవాలి. వేరును ముట్టరాదు, రుద్దరాదు. మట్టి అంటితే పాలతో తేలికగా కడిగి, పచ్చిపాలైనా కాచి చల్లార్చిన పాలైనా సరే, గ్లాసులో వేసి దంతవైద్యుని వద్దకు పరుగెత్తాలి. అరగంటలో చేరితే మేలు, గంట దాటితే ఆశ తగ్గుతుంది. గుడ్డలో చుట్టి ఎండబెట్టరాదు. పిల్లల పాలపళ్లను మాత్రం తిరిగి పెట్టరు. స్పృహ తప్పినా, వాంతులైనా పన్ను సంగతి తర్వాత. ముందు 108కి ఫోను చేయాలి.

ఎముకలో పాతే పన్ను

పన్ను పోయినవారికి తీసి పెట్టుకునే కట్టుడు పన్ను ఒక దారి. పక్క పళ్లను అరగదీసి కట్టే బ్రిడ్జి మరొకటి. మూడోది ఇంప్లాంట్. టైటానియం లోహంతో చేసిన చిన్న స్క్రూను దవడ ఎముకలో బిగిస్తారు. ఎముక ఈ లోహాన్ని పట్టుకుని అతుక్కుపోతుందని స్వీడన్ దేశపు బ్రెనెమార్క్ 1950ల్లో గమనించారు. 1965లో తొలిసారి మనిషికి అమర్చారు. అతుక్కోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ తర్వాతే పైన పన్ను తొడుగుతారు. దెబ్బకు దవడ విరిగితే ముందు అది అతకాలి. ఎముక తరిగిపోతే మరోచోటి ఎముకను చేర్చవలసి వస్తుంది.

దవడ ఎదుగుదల పూర్తికాని పిల్లలకు ఇంప్లాంట్ వేయరు. సుగర్ అదుపులో లేనివారికి, బీడీ, సిగరెట్ మాననివారికి అది నిలవకపోవచ్చు. ఖర్చు ఒక్కో పన్నుకు వేలల్లో ఉంటుంది కనుక తొందరపడి అప్పు చేయకుండా, అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించుకుని ఏది తగునో తెలుసుకోవడం మంచిది.

చట్టం ఏమంటుంది?

పన్ను విరిగినా, కదిలిపోయినా చట్టం దానిని తీవ్రగాయంగానే లెక్కిస్తుంది. పాత శిక్షాస్మృతిలో ఉన్న ఈ మాట 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. అందువల్ల ప్రమాదం జరిగితే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. డాక్టరు రాసిన గాయాల పత్రం, ఎక్స్‌రేలు, బిల్లులు దాచుకోవాలి. నష్టపరిహారం కోరేటప్పుడు అవే ఆధారం.

నెత్తిని మాత్రమే కప్పే టోపీ హెల్మెట్ పళ్లను కాపాడదు. గడ్డం దాకా కప్పేదే కొనుక్కోవాలి.