శర్కర గొలుసులు – కంతి కణములు

మా పొరుగున కంతిరోగముతో మంచమెక్కిన యొక పెద్దమ్మగారికి, కంతి చక్కెరను దిని పెరుగునని చెప్పి బంధువులు అన్నమునుగూడ తగ్గించిరి. ఇందు నిజమెంతయో విచారింతము.

మన దేహమందలి జీవకణములు తాము చేయు మాంసకృత్తులలో ననేకములకు శర్కరల గొలుసులను తగిలించును. అవి లేనిచో పెక్కు మాంసకృత్తులు సరియైన ఆకారమునకు రావు. 1971వ సంవత్సరమున జపానులో టకట్సుకి, టమురా మొదలగువారు ఒక సూక్ష్మజీవినుండి ట్యూనికామైసిన్ అను పదార్థమును గనుగొనిరి. అది యీ గొలుసుల యల్లికను మొదటనే యాపును.

1977లో డుక్సిన్, బోర్న్‌స్టైన్ గార్లు దానిని చిట్టెలుక కణములపై పరీక్షించిరి. వానిలో కొన్ని సహజకణములు. కొన్ని వైరసుచే మారి, కంతివలె హద్దులేక పెరుగునవి. మారిన కణములే దానికి ఎక్కువగా లొంగి నశించెను. ఆకారము చెడిన మాంసకృత్తులు పోగుపడినప్పుడు కణము తన పనిని తగ్గించి లోపలి చెత్తను ఊడ్చుకొనును. అది చాలనిచో మరణించును. క్షణమైనను తీరికలేక పెరుగు కణమునకు ఈ భారము దుర్భరము గదా!

అట్లయిన నిదియే ఔషధమందురా? కాదు. ఆస్ట్రేలియాలో రైగడ్డి కంకులలో సూక్ష్మజీవులు పుట్టించు విషము ట్యూనికామైసిన్‌కు దగ్గరి చుట్టము. ఆ గడ్డి మేసి గొఱ్ఱెలును పశువులును చచ్చినవి. గాజుపాత్రలోని కణములు వేరు, ప్రాణముగల దేహము వేరు.

ఆ గొలుసులను కణము తనలోననే యల్లుకొనును. రోగి విస్తరిలో అన్నము తగ్గించినంతమాత్రమున ఆ యల్లిక ఆగదు. తగ్గునది రోగి బలమే. కావున వైద్యుని యడుగక పథ్యము పెట్టకుడు.