టాక్సోప్లాస్మోసిస్: ‘పాజిటివ్’ ఫలితం ఒక్కటే గర్భస్రావానికి నిదర్శనం కాదు

గర్భస్రావానికి గురైన మహిళలకు చేయించే ‘టార్చ్’ రక్తపరీక్షల్లో టాక్సోప్లాస్మోసిస్ పరీక్ష ఒకటి. ఇందులో ‘పాజిటివ్’ అని తేలినంత మాత్రాన గర్భం పోవడానికి అదే కారణమని భావించడం సరికాదు. శరీర రోగనిరోధక శక్తి ఈ వ్యాధికి స్పందించే తీరు తెలిస్తే ఫలితంలోని అసలు అర్థం బోధపడుతుంది.

టాక్సోప్లాస్మా గోండీ అనే ఏకకణ పరాన్నజీవి ఈ వ్యాధికి కారణం. దీనిని 1908లో ట్యునీషియాలో నికోల్, మాన్సో అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. పిల్లి మలంతో కలుషితమైన మట్టి, నీరు, కడగని కూరగాయలు, సరిగా ఉడకని మాంసం ద్వారా ఇది సోకుతుంది. ఆరోగ్యవంతుల్లో చాలామందికి లక్షణాలేవీ కనిపించవు.

పరాన్నజీవి ప్రవేశించగానే టి కణాలు తదితర రక్షణ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామాను విడుదల చేసి దానిని అదుపు చేస్తాయి. అయితే అది పూర్తిగా నశించక, మెదడు, కండరాలలో తిత్తుల రూపంలో నిద్రాణంగా ఉండిపోతుంది. రక్తంలో తొలుత ఐజీఎం, తదుపరి ఐజీజీ యాంటీబాడీలు ఏర్పడతాయి. ఐజీజీ సాధారణంగా జీవితాంతం నిలుస్తుంది. ఐజీఎం సైతం కొందరిలో ఏడాదికి పైగా కొనసాగవచ్చు. కేవలం ఐజీఎం కిట్ల ఫలితంపై ఆధారపడరాదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లోనే హెచ్చరించింది.

గర్భిణిగా ఉన్నప్పుడు తొలిసారి వ్యాధి సోకితేనే ప్రమాదం ఎక్కువ. తొలి నెలల్లో మాయ ద్వారా శిశువుకు సోకే అవకాశం తక్కువైనా, సోకితే గర్భస్రావం సహా తీవ్ర నష్టం కలగవచ్చు. గర్భధారణకు చాలాకాలం ముందే సోకిన మహిళల్లో, రోగనిరోధక శక్తి సక్రమంగా ఉంటే, శిశువుకు వ్యాధి చేరడం అరుదు. అందువల్ల పదేపదే జరిగే గర్భస్రావాలకు దీనిని కారణంగా చూపడం కష్టం. ఇటువంటి కేసులలో ‘టార్చ్’ పరీక్షలను ఆనవాయితీగా చేయించడం మానుకోవాలని బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2011లో సూచించింది.

వ్యాధి ఎప్పుడు సోకిందో అంచనా వేయడానికి ఐజీజీ అవిడిటీ పరీక్ష తోడ్పడుతుంది. అవిడిటీ అధికంగా ఉంటే వ్యాధి సోకి సుమారు 4 నెలలు లేదా అంతకంటే ఎక్కువ కాలం గడిచినట్లు భావించవచ్చు. తక్కువగా ఉన్నంత మాత్రాన ఇటీవలే సోకిందని చెప్పలేము. 2, 3 వారాల అనంతరం తిరిగి రక్తం పరీక్షించి ఫలితాలను సరిపోల్చవలసి ఉంటుంది.

పొరపాటు నిర్ధారణ వల్ల మహిళలు అనవసరంగా మందులు వాడవలసి రావడమే కాక, థైరాయిడ్ లోపం, మధుమేహం, క్రోమోజోముల లోపాలు, గర్భాశయ నిర్మాణ లోపాలు వంటి అసలు కారణాలు మరుగున పడే ప్రమాదం ఉంది. గర్భిణులు మాంసాన్ని బాగా ఉడికించి తినడం, కూరగాయలను శుభ్రంగా కడగడం, మట్టి పని అనంతరం సబ్బుతో చేతులు కడుక్కోవడం ద్వారా ఈ వ్యాధి సోకే ముప్పును తగ్గించుకోవచ్చు.