హెడ్ బ్యాండ్‌కి రంగు ఆఖర్న చూద్దాం

పార్లర్ల వాళ్లు నాకు ఫోన్ చేసి మొదట చెప్పేది రంగు. "అక్కా, బేబీ పింక్ కావాలి, మా లోగో రావాలి, వంద పీసులకి ఎంత పడుతుంది?" అంటారు. నేను ముందు అడిగేది వేరు: "బ్యాండ్లను ఎక్కడ ఉతుకుతారమ్మా?" "ఉతుకుడికీ ఆర్డర్‌కీ ఏం సంబంధం అక్కా?" అని నవ్వుతారు. చాలా ఉంది.

సికింద్రాబాద్‌లో చిన్న కుట్టు యూనిట్ నడుపుతున్నాను. ఫేషియల్ చేసేటప్పుడు జుట్టు మొహం మీద పడకుండా కట్టే బ్యాండ్లు, గౌన్లు పార్లర్లకూ స్పాలకూ కుట్టి ఇస్తాం. ఈ పనిలో నాకు తెలిసిన వరస ఇది: ఉతికే తీరు తెలిస్తే గుడ్డ తేలుతుంది, గుడ్డ తేలితే కొలత తేలుతుంది. రంగు, లోగో ఆ తర్వాతే.

ముందు ఉతుకు సంగతి. బజార్లో మనం లైక్రా అనే సాగే దారం అసలు పేరు స్పాండెక్స్. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని తయారు చేశాడు. బాగా లాగినా వెనక్కి వస్తుంది కానీ, వేడికీ క్లోరిన్ బ్లీచ్‌కీ మాత్రం తట్టుకోదు. రబ్బరు ఎలాస్టిక్‌కి మసాజ్ నూనె కూడా శత్రువే. కాబట్టి పార్లర్ టవళ్లతో పాటు బ్యాండ్లను కూడా లాండ్రీకి వేసి, మరిగే నీళ్లలో బ్లీచ్ పెట్టించేవాళ్లకు నేను ఎలాస్టిక్ బ్యాండ్ కుట్టను. వాళ్లకు సాగని కాటన్ టెర్రీ, వెనక వెల్క్రో. సొంత మిషన్‌లో గోరువెచ్చని నీళ్లతో ఉతుక్కునేవాళ్లకైతే తల మీదుగా తొడిగే ఎలాస్టిక్ బ్యాండ్ హాయిగా ఉంటుంది.

ఇక కొలత. "ఫ్రీ సైజ్" అని రాస్తే నా కటింగ్ మాస్టర్‌కి ఏమీ చెప్పనట్టే. టేపును నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత దగ్గర పెట్టి, చెవుల వెనకగా, మెడ పైన ముడి కిందుగా తిప్పి కొలవాలి. టోపీకి కొలిచినట్టు కనుబొమ్మల పైన కొలిస్తే బ్యాండ్ వదులైపోతుంది. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ల కొలతలు ఎక్కువగా 21 నుంచి 22½ అంగుళాల మధ్యే ఉంటాయి. మన ఆడవాళ్ల జుట్టు ఒత్తు, కొప్పు పెద్దది. మూసి కుట్టిన బ్యాండ్ ఆ కొప్పు దాటి దిగాలి కదా! అందుకే రెండు అంకెలు అడుగుతాను: విడిగా పెడితే ఎంత, పూర్తిగా లాగితే ఎంత. విడిగా 19 అంగుళాలు, లాగితే 26 వరకూ సాగే బ్యాండ్ చాలామందికి సరిపోతుంది.

వెల్క్రో రకానికి లెక్క ఇంకా సులువు. పట్టీ పొడవు 25 అంగుళాలు. ఒక చివర 5 అంగుళాల మెత్తని భాగం, రెండో చివర 2 అంగుళాల గరుకు భాగం. తక్కువలో తక్కువ అతికిస్తే 23 అంగుళాల తలకు, పూర్తిగా లోపలికి లాక్కుంటే 20 అంగుళాల తలకు పడుతుంది. గరుకు భాగం ఎప్పుడూ బయటి పొరకే ఉండాలి, అంచు దాటి రాకూడదు. లేదంటే మెడ దగ్గరి వెంట్రుకలు పట్టి లాగుతుంది. ఉతికేముందు అతికించి వేయకపోతే మిగతా టవళ్ల పోగులన్నీ దానికే చుట్టుకుంటాయి.

వెడల్పు మూడు అంగుళాలు చాలు. అంతకు మించితే నుదుటి పైభాగం మూసుకుపోయి, క్రీమ్ రాసే అమ్మాయి ప్రతిసారీ బ్యాండ్‌ను పైకి నెట్టుకోవాల్సి వస్తుంది.

గుడ్డ దగ్గరికొస్తే టెర్రీ అంటే టవల్ గుడ్డే. దానిలోని ఉంగరాల్లాంటి పోగులు నీళ్లు పీలుస్తాయి. మందం జీఎస్ఎంలో చెప్పాలి, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందని. బ్యాండ్‌కి 300 నుంచి 350 బాగుంటుంది. స్నానం టవల్ కోసం నేసిన 500 గుడ్డతో కుడితే తల బరువెక్కుతుంది, ఆరదు, మడత దగ్గర సూది విరుగుతుంది. అమ్మేవాడి మాట నిజమో కాదో తేల్చుకోవడానికి నేను 10 సెంటీమీటర్ల చదరపు ముక్క కత్తిరించి బంగారం తూచే చిన్న కాటాలో పెడతాను. 3 గ్రాములు తూగితే అది 300 జీఎస్ఎం.

మైక్రోఫైబర్ తేలిక, త్వరగా ఆరుతుంది. మామూలుగా దానిలో 80 పాళ్లు పాలిస్టర్, 20 పాళ్లు పాలిమైడ్. వేడి ఇస్త్రీ తగలకూడదు. నూనె వాసన ఒకసారి పడితే ఓ పట్టాన పోదు, కాబట్టి తలనూనె మసాజ్ చేసేచోట వద్దంటాను. "బాంబూ గుడ్డ" అని అమ్మేది చాలావరకు వెదురు గుజ్జుతో చేసిన విస్కోస్. మెత్తగా ఉంటుంది, తడిస్తే బలం తగ్గుతుంది. కాటన్ కలిపి నేసింది తీసుకోవడం మేలు. హెయిర్ కలర్ పనికి ఒకసారి వాడి పారేసే నాన్ వోవెన్ పట్టీలు చాలు. అవి పాలీప్రొపిలీన్‌వి, నీళ్లు పీల్చవు. రబ్బరు పడనివాళ్లు ఉంటారు, వాటిలో లేటెక్స్ ఉందేమో అడగండి.

రంగు విషయంలో నా మాట ఇది. పెళ్లిళ్ల సీజన్‌లో పసుపు, నలుగు పని ఎక్కువ. పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రబడుతుంది, ఎండలో ఆరేస్తే క్రమంగా వెలుస్తుంది. ఎండ తగిలే డాబా ఉన్నవాళ్లు తెలుపు తీసుకోవచ్చు. లేనివాళ్లకు ముదురు పసుపు రంగే తెలివైన ఎంపిక. గోరింటాకు, హెయిర్ డై పనికి నలుపో కాఫీపొడి రంగో. ముదురు రంగు ఏదైనా తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే కస్టమర్ నుదుటికీ అంటుతుంది.

లోగో నుదురు మధ్యలో వద్దు. ఎంబ్రాయిడరీ వెనక వేసే అట్టలాంటి గుడ్డ చర్మానికి గుచ్చుకుంటుంది, ఆ మేర బ్యాండ్ సాగదు. చెవి పైన, పావు అంగుళానికి తగ్గని అక్షరాలతో పెట్టించండి. మరీ చిన్న అక్షరాలు టెర్రీ పోగుల్లో మునిగిపోతాయి. అతుకు కుట్టు మెడ వెనకే రావాలి.

వంద పీసులు చెప్పేముందు ఒక్క శాంపిల్ కుట్టించుకుని మీ పద్ధతిలోనే ఐదుసార్లు ఉతకండి. కాటన్ ఐదు శాతం కుంచించుకుపోతే 25 అంగుళాల పట్టీ అంగుళంపావు తగ్గుతుంది. అందుకే మేం గుడ్డను ముందే నానబెట్టి ఆరేసి కోస్తాం. ఆర్డర్‌లో మాత్రం "ఉతికాక కొలత" అనే రాయించుకోండి. కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవాలు వాడితే గుడ్డ నీళ్లు పీల్చడం తగ్గుతుంది. ఆ తప్పు కుట్టినవాళ్ల మీద వేయకండి.

ఆర్డర్ ఇలా రాసిస్తే చాలు: "కాటన్ టెర్రీ, 320 జీఎస్ఎం, ముదురు పసుపు. ఉతికాక పొడవు 25, వెడల్పు 3 అంగుళాలు, అటూఇటూ పావు అంగుళం. వెల్క్రో 5, 2 అంగుళాలు. లోగో ఎడమ చెవి పైన. వేడినీళ్ల ఉతుకు." ఇక సంఖ్య. ఒక కస్టమర్‌కి ఒక బ్యాండ్ చొప్పున రోజుకు ఎన్ని పడతాయో లెక్కేసి మూడింతలు చెప్పండి: వాడేవి కొన్ని, ఉతుకులో కొన్ని, ఆరేవి కొన్ని.

ఫేషియల్‌కి వెళ్లే అక్కాచెల్లెళ్లకూ ఒక మాట. ముందు వచ్చినవాళ్ల తల మీంచి తీసిన బ్యాండ్ మీకు పెట్టబోతే, ఉతికింది ఇవ్వమని అడగండి. మొహమాటపడే విషయం కాదిది.